ఈతాకు మూత

గ్యాసు కట్టేసిందో లేదో, కట్టే ఉంటుంది, వడల మూకుడు దించేటప్పుడు గుడ్డ పట్టుకున్నది గుర్తుంది, ఎడమచేత్తో ఏదో తిప్పినట్టు కూడా గుర్తుంది, కానీ అది గ్యాసు కట్టడానికో, మోగుతున్న ఫోను కోసం తడుముకున్నదో ఎంత ఆలోచించినా తేలడం లేదు, వంటిల్లు అంటుకుంటే ఆ పక్కనే పెద్దల ముందు పరిచిన అరిటాకు, ఆకులో సగం వడ్డించిన అన్నం, గుమ్మడికాయ కూర, గోడకానించిన మామ ఫోటో, మొగుడి ఫోటో, అన్నీ బూడిదవుతాయి, పెద్దల అమావాస్య పూట పెద్దలను కాల్చిన ఇల్లాలని ఊరంతా చెప్పుకుంటుంది, పక్కింటి రంగమ్మకు ఫోను చేసి చూడమందామంటే ఎందుకు పోయినావు, యాడికి పోయినావు అని అడుగుతుంది, ఏమని చెప్పాలి, కృష్ణగిరి పోలీసు స్టేషనులో ఉన్నానని చెప్పాలా, అదీ మామూలు స్టేషను కాదు, కల్లూ సారాయీ పట్టుకునే మదువిలక్కు పోలీసుల దగ్గర ఉన్నానని చెప్పాలా, కాళమ్మ అలా ఊళ్ళోని మంటను ఆర్పలేక, ఇక్కడ నిలవలేక, వరండాలో గోడ పక్కన నల్లగొడుగును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది, తెరిచిన తలుపులోంచి బల్ల కనిపిస్తోంది, బల్ల మీద తెల్ల ప్లాస్టిక్ క్యాను, క్యాను మూతిలో కుక్కిన ఈతాకు, ఆకు సందుల్లోంచి ఇంకా బుసబుసమని పొంగుతున్న నురగ, బల్ల పక్కన చెప్పులు విడిచి, బెల్టు తీసేయించగా జారిపోయే ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని కొడుకు శక్తి, ఆ క్యాను తెమ్మన్నది తానే, ఆ ఆకు పెట్టమన్నదీ తానే, ఆ సంగతి లోపల ఎవరికీ తెలియదు, వాడికి తప్ప, వాడు చెప్పడు, పోలీసుల ముందు ఇంకొకరి పేరు చెప్పకపోవడం వాళ్ళ తాత దగ్గర నుంచి వచ్చింది.

తాత అంటే కాళమ్మ మామ, మొగుడి నాయన గుర్రప్ప, ఈ వేసవి మొదట్లో పోయాడు, మాట ముందే పడిపోయింది, కళ్ళు మూసుకునే ఉండేవాడు, చేతులు మాత్రం ఊరుకునేవి కావు, కుడిచేయి గాలిలో దేన్నో సన్నగా చెక్కేది, ఎడమచేయి కింద పట్టుకునేది, తరువాత రెండూ కలిసి ముడి వేసేవి, మడమలు మంచం పట్టెను తన్నిపెట్టి పైకి పైకి ఎగబాకేవి, సూదిమందు వేయడానికి వచ్చిన నర్సమ్మ నరాల ఆట అంది, నరాలూ కాదు గిరాలూ కాదు, మామ చెట్టెక్కుతున్నాడని కాళమ్మకు తెలుసు, ఎక్కి, గీసి, కుండ దించి, ఆ కుండను నోటిదాకా తెచ్చుకునేవాడు, అప్పుడు నాలుక బయటికి వచ్చేది, ఆమె లేతకొబ్బరి ఎలనీరు పోసేది, మజ్జిగ పోసేది, అది పెదవి మూల నుంచి చెవిలోకి కారిపోయేది గానీ లోపలికి దిగేది కాదు, అట్లాగే ఎండిన నాలుకతో పోయాడు, మనిషి పోయాక దాహం యాడికి పోతుంది, అది ఇంటి చుట్టూనే తిరుగుతుంది, తిరిగి తిరిగి ఇంట్లో ఎవరు చిన్నవాళ్ళో వాళ్ళ మెడ పట్టుకుంటుంది, ఆమె చిన్నప్పటి నుంచి విన్నది అదే, అందుకే కదా పెద్దల అమావాస్యకు ఎవరికి ఏది ఇష్టమో అది ఆకులో పెట్టేది, రంగమ్మ వాళ్ళ ఆయనకు బీడీ పెడుతుంది, పెట్టడమే కాదు, తానే ముట్టించి ఒక దమ్ము లాగి దగ్గి దగ్గి చస్తుంది, చచ్చినోడి కంటే నువ్వే ఎక్కువ తాగినావు కదమ్మా అని అందరూ నవ్వుతారు, తన అత్తకు ఆకూవక్కా కాఫీ, మరి తన మొగుడు మునిరాజుకు క్వార్టరు సీసా, అది ప్రతి ఏడూ శక్తి గవర్నమెంటు బ్రాందీ అంగడిలో కొని తెస్తాడు, పోలీసు జీపు పక్క నుంచే చొక్కా జేబులో పెట్టుకుని తెస్తాడు, ఎవరూ ఏమీ అడగరు, ఈ ఏడు కూడా నిన్ననే తెచ్చాడు, ఇప్పుడా సీసా అక్కడ ఆకు పక్కన భద్రంగా ఉంది, గ్యాసు అంటుకుంటే అది కూడా భగ్గుమంటుంది, దేవుడా.

తొలి అమావాస్య, మామకు ఈత కల్లు పెట్టాలి, ఒక్క ముంత, నోరు తడిపితే చాలు, ఆ మాట శక్తితో ఫోనులో అన్నప్పుడు వాడు హోసూరులో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాడు, వద్దు మా, కొబ్బరినీళ్ళు పెడితే తాత ఏమన్నా కేసు పెడతాడా అని నవ్వాడు, ఆమె నవ్వలేదు, ఎందుకంటే అంతకు ముందు పట్టపగలు కునుకు పడితే కలలో మామ వచ్చాడు, శక్తి బండి మీద వెనకాల కూర్చుని ఉన్నాడు, వాడి మెడ చుట్టూ చేతులు వేసి, ఎండిన నాలుక బయట పెట్టి, బండి హోసూరు హైవే మీద లారీల మధ్యన పోతోంది, ఆమె లేచి కూర్చుని ముఖం కడుక్కున్నా ఆ లారీల చప్పుడు పోలేదు, కలను కొడుక్కు చెప్పలేదు, చెబితే నిజమవుతుందని భయం, ఇంటికొచ్చినాక పొయ్యి మీ శ్రీరంగప్ప మామ దగ్గర తీసుకురా నైనా, యాడో ఉండాదా ఏమి, మీ మామ ఊరికీ మనూరికీ నడుమ ఒక చెక్‌పోస్టు, ఒక మోరీ, అంతే కదా అంది, చూడు, అన్నిటికీ భయపడే కాళమ్మ, పాలప్యాకెట్టు ఉబ్బి ఉంటే విషమేమోనని పారబోసే కాళమ్మ, కొడుకు రెండుసార్లు తుమ్మితే హోసూరుకు బస్సెక్కే కాళమ్మ, మోరీ అంది, అంతే కదా అంది, లారీకి భయపడి కొడుకును చెక్‌పోస్టు మీదికి పంపింది.

ఆ మోరీకి అవతల ఆమె అన్న శ్రీరంగప్ప ఇప్పటికీ చెట్టెక్కుతాడు, తెల్లారగానే ఎక్కుతాడు, అందరూ చూస్తుండగా ఎక్కుతాడు, ఆంధ్రా సర్కారు ఇచ్చిన కల్లుగీత సొసైటీ కార్డు జేబులో పెట్టుకుంటాడు, అందులో ఫోటోలో మీసం మెలితిప్పి ఉంటాడు, పెళ్ళిళ్ళలో కూడా తీసి చూపిస్తాడు, మేమంతా గవర్నమెంటు ఈడిగోళ్ళము మా, చెట్టు మీద నుంచి పడితే ఎక్స్‌గ్రేషియా ఇస్తారు, మీ పక్క పడితే ఏమిస్తారు అని ఎగతాళి చేస్తాడు, మామ బతికున్నప్పుడు దానికి జవాబు చెప్పేవాడు, మా పక్క పడితే ఎవరూ చూడకముందే లేచి పరుగెత్తాలప్పా, అందుకే మా ఎముకలు గట్టివి అనేవాడు, ఒకే కులం, ఒకే కత్తి, ఒకే ఈతచెట్టు జాతి, మోరీ నీళ్ళు కూడా అటు నుంచి ఇటే పారతాయి, ఆ నీళ్ళతో పాటు కల్లు వస్తే మాత్రం తప్పు, శక్తితో గదిలో ఉండే పిల్లలు ఇంకొకటి చెబుతుంటారు, బాగలూరు దాటి కర్ణాటకలో అడుగు పెడితే కాగితం పెట్టెల్లో బ్రాందీ అమ్ముతారట, పిల్లలు తాగే మామిడిరసం పెట్టెల మాదిరిగా ఉంటాయట, ఆడ కొంటే గిరాకి, ఈడికి తెస్తే కడత్తల్ కేసు, అంటే దొంగరవాణా కేసు, అప్పుడు విని అయ్యో అనుకుంది గానీ అది తన ఇంటికి వచ్చే మాటని అనుకోలేదు.

ఆమె ఆంధ్రా నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తల్లో మామ దొంగ కాడు, అప్పుడు ఈ పక్క కూడా కల్లు తెరిచే ఉంది, వంక పక్క ఈతవనంలో మామ ఎక్కే చెట్లకు సర్కారువాళ్ళే సున్నంతో నెంబర్లు వేశారు, వేయించిన ఆఫీసరు మామ ఇంట్లోనే రాగిముద్ద తిని, పొద్దుటి కల్లు ఒక ముంత తాగి, గుర్రప్పా, నీ చేతిలో తీపి ఉండాదప్పా అని మెచ్చుకుని పోయాడు, కొత్త కోడలు తలుపు చాటు నుంచి చూసి మా మామ ఎంత పెద్దమనిషో అనుకుంది, ఆ తరువాత ఒక కొత్త సంవత్సరం నాడు సర్కారు మూసేశామంది, చెట్టుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, గాటు పెట్టిన చోట ఊరేది ఊరుతూనే ఉంది, మామ కూడా చెట్టు మాటే విన్నాడు గానీ సర్కారు మాట వినలేదు, జీపు వచ్చింది, కుండలు పగిలాయి, మామను ఎక్కించుకుపోయారు, ఆ రోజు ఈతవనమంతా పుల్లటి వాసన, ఆడవాళ్ళు ఏడుస్తుంటే మామ జీపులోంచి తల బయటికి పెట్టి, ఎందుకు మా ఏడుస్తారు, ఇది కొత్తా, మా నాయన కాలంలో ఒకసారి మూసినారు, ఒకసారి తెరిచినారు, మళ్ళీ మూసినారు, తెరిచినారు, చెట్టు అదే, కత్తి అదే, ఎక్కే కాళ్ళు అవే, కిందికి దిగేటప్పుడు మాత్రం ఇప్పుడు నేను దొంగనా దొరనా అని అడిగి దిగాల అన్నాడు, జీపులో ఉన్న పోలీసు కూడా నవ్వాడు, జైలు నుంచి వచ్చినాక ఆడ సాంబారులో ఉప్పు సరిగ్గా ఉండాది, మీ అత్తను పంపితే నేర్చుకుని వస్తాది అన్నాడు, అత్త గరిటె విసిరింది, అందరూ నవ్వారు, కాళమ్మ ఒక్కతే నవ్వలేకపోయింది, ఆ జీపు ఆమె కడుపులో ఆగిపోయింది, ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు కండక్టరు టికెట్టు అడిగినా గుండె దడదడమనేది, ఎన్నో మొక్కుల తరువాత శక్తి పుట్టినప్పుడు వాడి నెత్తి మీద మొగుడి చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంది, చెట్టెక్కనని, కత్తి పట్టనని, మునిరాజు మాట తప్పలేదు, గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్ళకు నునుపు పెట్టే పనికి పోయాడు, మామ కత్తిని ఆమే గుడ్డలో చుట్టి అటక మీద పారేసింది, ఆ సాయంత్రం మామ అన్నం తినలేదు.

కూర్చో అమ్మా, నిలబడితే కేసు తొందరగా అయిపోదు అంటూ లోపలి నుంచి ఒక కానిస్టేబులు పిల్ల కుర్చీ తెచ్చి వేసింది, జడ మడిచి పిన్నులు పెట్టుకుంది, పేరు రేణు అని చొక్కా మీద ఉంది, తెలుగులోనే మాట్లాడిందని కాళమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది, నువ్వు తెలుగా తల్లీ అంటే, మాది కల్లావి ఊరమ్మా, ఇంట్లో తమిళమే, మా జేజి దగ్గర నేర్చుకున్నా అంది, మా ఇంట్లో కూడా ఆకు వేయాల ఈ పొద్దు, నాకు డ్యూటీ, మా అత్త తిట్టుకుంటా ఉంటాది అని నవ్వింది, ఈ నవ్వు చూస్తే ఖాకీ బట్ట కింద ఆడపిల్లే ఉందనిపించింది, అందుకే ధైర్యం చేసింది, ఇట్లా చూడు తల్లీ, వాడు కాదు, నేనే తెమ్మన్నాను, నా పేరు రాసుకోండి, నాకు ఉద్యోగమా సద్యోగమా, జైలుకు పొమ్మంటే పోతాను, వాడికి హోసూరులో కంపెనీలో పర్మనెంటు చేస్తామన్నారు, పోలీసు సర్టిఫికెట్టు అడిగినారు, ఈ నెలలోనే ఇయ్యాల, కేసు లేదని రాసిస్తేనే లోపలికి తీసుకుంటారు, ఇన్నేళ్ళు కాంట్రాక్టులోనే అరిగినాడు అంది, రేణు నవ్వు పోయింది, లోపలికి చూసింది, ఏట్టయ్య వింటారు, ఉండమ్మా అని ఆమెను లోపలికి తీసుకుపోయింది.

ఏట్టయ్య అంటే బల్ల వెనక కూర్చున్న హెడ్డు కానిస్టేబులు ఏళుమలై, లావుగా ఉన్నాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఏమ్మా, కొడుక్కు కల్లు యాపారమా అన్నాడు, లేదు సార్, మా మామకు, మీ మామ యాడ ఉండాడు, చచ్చిపోయినాడు సార్, గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఏళుమలై నవ్వలేదు, నుదురు రుద్దుకున్నాడు, అమ్మా, పెద్దలకు పెట్టేది నాకు తెలియదా, మా నాయనకు నేనూ పెట్టేవాణ్ణే, కానీ చచ్చినోడు తాగుతాడని కోర్టులో చెబితే జడ్జి ఒప్పుకోడు, చేతిలో ఎవడు పట్టుకున్నాడో వాడిదే కేసు, నువ్వు తెమ్మన్నావని రాస్తే నీ మీద ఇంకొకటి అవుతాది, వాడిది పోదు, పొద్దున్నే ఎస్.ఐ. సారే స్వయంగా పట్టినాడు, రాసేసినాము, స్టేషను బెయిలు మీద ఈ పొద్దే ఇంటికి పంపిస్తాము, కొట్టలేదు, తిట్టలేదు, కావాలంటే వాణ్ణే అడుగు అన్నాడు, రాసేసినాము అన్న మాట మాత్రమే ఆమె చెవిలో పడింది, మిగతాదంతా బయట బస్సు హారనులో కలిసిపోయింది, రాసేశారు, అయిపోయింది, కంపెనీవాడు ఆ కాగితం చూస్తాడు, నువ్వు వద్దు పో అంటాడు, వీడు గదికి పోతాడు, గదిలో పిల్లలంతా డ్యూటీకి పోయి ఉంటారు, తలుపు మూసుకుంటాడు, ఫ్యాను ఉంటుంది, లేదంటే హోసూరు స్టేషను దగ్గర పట్టాలు ఉన్నాయి, వద్దు, ఆ పట్టాల మీద నుంచి మనసును ఈడ్చుకుని వచ్చి కొడుకు ముఖం మీద పెట్టింది, వాడు గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

నీళ్ళు తాగిస్తానని అడిగితే ఒప్పుకున్నారు, సీసా అందించింది, తాగలేదు, మెల్లగా, ఎవరికీ వినపడకుండా, మూత బిగించి ఉంటే ఎవడికీ తెలిసేది కాదు మా అన్నాడు, శ్రీరంగప్ప మామ బిగించే ఇచ్చినాడు, నీ మాట గుర్తొచ్చి దారిలో నేనే మూత తీసి ఆకు పెట్టినా, చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి నురగ సంచిలోంచి కారి నా ప్యాంటు తడిసిపోయినాది, వాసన వాళ్ళదాకా కొట్టింది, అవును, ఆ మాట కూడా తనదే, ఫోను పెట్టేయబోతుంటే మళ్ళీ పిలిచి మరీ చెప్పింది, మూత బిగించొద్దు నైనా, పచ్చి కల్లు మూతి కడితే ఉబ్బి పగిలిపోతాది, మీ తాత ఎప్పుడూ చెబుతా ఉండె, కల్లుకు ఊపిరాడాల, ఈతాకు పెట్టు, దాని చెట్టు ఆకే దానికి మూత అని, బండి మీద పోతూ పోతూ క్యాను పగిలి వాడు ఉలిక్కిపడి లారీ కింద పడతాడని భయం, ఆ భయంతో చెప్పింది, ఏ భయం ఎక్కడికి పోయి తేలుతుందో చూడు, నీకు చచ్చినోళ్ళ దాహమే గానీ బతికినోళ్ళ బతుకు పట్టదా మా అన్నాడు శక్తి, గట్టిగా కూడా అనలేదు, చిన్నప్పుడు జ్వరంలో అడిగినట్టు అడిగాడు, నీ కోసమే కదరా అని నాలుక చివరిదాకా వచ్చింది, ఆ కల చెప్పాలనిపించింది, చెప్పలేదు, ఇప్పుడు కూడా చెబితే నిజమవుతుందని భయమే.

దాని బదులు ఏళుమలై వైపు తిరిగి ఎందుకు అడిగిందో తనకే తెలియదు, సార్, ఆకులో మా ఆయనకు క్వార్టరు కూడా పెట్టినాను సార్, ఇంట్లో ఉండాది, దానికి ఏమన్నా అవుతాదా అంది, భయంతోనే అడిగింది, ఇంటికి వచ్చి వెతికితే అది కూడా దొరుకుతుందని, ఏళుమలై రాస్తున్న కలం ఆపకుండానే, దానికేముందమ్మా, అది అంగడిలో కొన్నది, దానికి మేమెందుకు వస్తాము అన్నాడు, మా ఆయన దాంతోనే చచ్చిపోయినాడు సార్ అంది కాళమ్మ, తగువుకని అన్నది కాదు, నోట్లోంచి అట్లా జారిపోయింది, కలం ఆగింది, ఏళుమలై కళ్ళద్దాలు కిందికి దించుకుని ఆమెను చూశాడు, దాన్ని రాసుకోవడానికి ఆయన దగ్గర చోటు లేదు, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

ఎస్.ఐ. వచ్చి ఏదో చెప్పి పోయాక క్యానులోంచి చిన్న సీసాకు కొంచెం పోసి, లక్క కరిగించి మూతి మూశారు, అది కోర్టుకు పోతుందట, మిగిలింది సాక్షుల ముందర పారబోయాలట, స్టేషను వెనక ఖాళీ జాగా, పట్టుకున్న బండ్లు తుప్పుపట్టి వరసగా ఉన్నాయి, రేపటి నుంచి వాటిలో శక్తి బండి కూడా ఒకటి, ప్రహరీ పక్కన ఒక కానుగచెట్టు, రేణు క్యాను మోసుకుంటూ పోయింది, వెనక శక్తి, టీ అంగడివాళ్ళు ఇద్దరు సాక్షులు, ఏళుమలై, వీళ్ళందరి వెనక గొడుగుతో కాళమ్మ, ఈతాకు తీసి రేణు కింద పడేయబోతుంటే, తల్లీ అంది కాళమ్మ, అందరూ తిరిగి చూశారు, అంతమంది మగవాళ్ళు, ఖాకీలు చూస్తుంటే ఇంకెప్పుడైనా అయితే నోరు పడిపోయేది, అటు తిరిగి కల్లు పొయ్యి తల్లీ, తెంకాయి దిక్కు అంది, భయంలో దక్షిణాన్ని తెంకణం అనబోయి కొబ్బరికాయ పేరు చెప్పింది, చేయి మాత్రం సరిగ్గానే చూపించింది, యముడుండే వైపు, పెద్దలుండే వైపు, సాక్షుల్లో ఒకడు నవ్వబోయాడు, ఏళుమలై వాడి వైపు చూస్తే ఆపేశాడు, రేణు క్యానుతో పక్కకు జరిగి, దక్షిణానికి తిరిగి, వంగి, మెల్లగా, ధార తెగకుండా పోసింది, కానుగచెట్టు మొదట్లో తెల్లగా నురగ కట్టింది, మన్ను దాన్ని లోపలికి తీసుకుంది, మామ తాగేముందు ఎప్పుడూ ముంత వంచి ఒక చుక్క నేలకు వదిలేవాడు, మొదటి చుక్క మన్నుకు మా, మన్ను తాగినాకనే మనిషి అనేవాడు, ఇవాళ క్యానెడూ మన్నుకే పోయింది, ఇంతకంటే ఎక్కువగా ఇంట్లో ఆకు ముందర తానైనా పెట్టి ఉండేది కాదు, వాళ్ళు పారబోశామని రాసుకుంటారు, రాసుకోనీ, మామా, నోరు తడిసిందా, ఇక వాడి మెడ వదిలిపెట్టు మామా, వదిలిపెట్టు, శక్తి అటు చూడటం లేదు, తన బండి వైపు చూస్తున్నాడు, కొడుకు కోసం అడుగుతున్నది కొడుకుకు తెలియదు, కాకి రాలేదు, ఆ పుల్లటి వాసన ఒక్కటే లేచి, ఈతవనంలో కుండలు పగిలిన నాటి వాసన, అట్లాగే నిలబడింది.

సంతకాలు పెట్టించుకుని బెల్టూ ఫోనూ ఇచ్చి పంపించారు, శక్తి ముందు నడిచాడు, గేటు దాటాడు, తల్లి వస్తోందా లేదా అని తిరిగి చూడలేదు, బస్టాండు వైపు రోడ్డు దిగాడు, కొండ మీద కోట నల్లబడి ఉంది, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి, వాడికి తడిస్తే చాలు జ్వరం వస్తుంది, రేపు కంపెనీకి పోయి చెప్పాలి, జ్వరంతో పోతే ఇంకా దీనంగా ఉంటాడు, నైనా, ఆగు, తడుస్తావు అని కాళమ్మ గొడుగు విప్పుకుంటూ వాడి వెనక పరుగెత్తింది, చెప్పు తెగేటట్టు పరుగెత్తింది, అట్లా గొడుగు చేయి చాచి ఒక మగవాడి వీపు వెనక పరుగెత్తడం కాళ్ళకు ఎక్కడో తెలుసు, ఎక్కడ, ఎప్పుడు, ఈ వాన కాదు, మండే ఎండ, ఊళ్ళన్నీ మూసేసిన ఆ రోగం వచ్చిన ఏడు, మూసిన అంగళ్ళన్నిటిలోకీ ముందు బ్రాందీ అంగడి తెరిచారు, కట్టెలు కట్టి, గీతలు గీసి, పోలీసులే వరసలో నిలబెట్టారు, ఒకరికొకరు దూరంగా ఉండాలని గొడుగు తెస్తేనే వరసలోకి రానిచ్చారు, మునిరాజు పొద్దున్నే చొక్కా వేసుకుని బయలుదేరాడు, అప్పటికే పొట్ట ఉబ్బుతోంది, కళ్ళు పచ్చబడుతున్నాయి, అయినా ఆమె గుండె దడదడమనలేదు, జీపు రాదు, కేసు రాదు, పోలీసే పక్కన నిలబడి ఇప్పిస్తున్నాడు, ఇంకేమి భయం అనుకుంది, ఇన్నేళ్ళు ఈతచెట్టుకు భయపడింది, మామ కత్తికి భయపడింది, చెక్‌పోస్టుకు భయపడింది, దీనికి మాత్రం పడలేదు, నిన్న ఆ క్వార్టరును శక్తి జేబులోంచి తీసి ఇస్తే చెంగుతో తుడిచి మరీ ఆకు పక్కన పెట్టింది, వాన పెరిగింది, శక్తి బస్టాండు మలుపు తిరిగాడు, కాళమ్మ రోడ్డు మధ్యన ఆగిపోయింది, విప్పిన గొడుగు చేతిలో అట్లాగే ఉంది, పిడి దగ్గర మునిరాజు చుట్టిన నల్లటేపు వేళ్ళకు తగిలింది, ఆ రోజు ఆయన ఈ గొడుగు మరిచిపోయి పోతుంటే, వరసలో నిలబడనివ్వరేమోనని, వీధి చివరిదాకా ఇట్లాగే పరుగెత్తి, చేతికి అందించి వచ్చింది తానే.